పళ్లేనికి లేని అడ్డు మోటారుకు ఎందుకు? సరదా బంగారు వేటలో పరికరాల నిబంధనలు

క్లుప్తంగా

పళ్లెం, పార, ప్రవాహంలో పెట్టి మట్టి కడిగే మోటారు లేని స్లూస్ బాక్స్‌తో సరదాగా బంగారం గాలించుకోవడానికి అమెరికాలోని చాలా ప్రభుత్వ భూముల్లో ముందస్తు అనుమతి అక్కర్లేదు. అదే నీటిలోకి ఇంజన్‌తో నడిచే సక్షన్ డ్రెడ్జ్ (నది అడుగు మట్టిని పీల్చే యంత్రం) దించాలంటే ఒక రాష్ట్రంలో పర్మిట్ కావాలి, పక్క రాష్ట్రంలో నిషేధం ఎదురవుతుంది. దొరికే బంగారం తూకంతో ఈ నిబంధనలకు దాదాపు సంబంధం లేదు. పరికరం ఎంత మట్టిని, ఎంత వేగంగా, ఏ కాలంలో కదిలిస్తుంది అన్నదాని చుట్టూనే అవి తిరుగుతాయి. ఆ లెక్క తెలిస్తే, చూడటానికి అడ్డదిడ్డంగా ఉన్న నిబంధనలు చాలావరకు అర్థమవుతాయి.

2025 అక్టోబరులో ఔన్సు బంగారం ధర తొలిసారి 4,000 డాలర్లు దాటింది. అంత ధర కళ్ల ముందు కనిపిస్తుంటే, సెలవు రోజున వాగు ఒడ్డున కూర్చుని నాలుగు రేణువులు ఏరుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. పరికరాలు సులువుగానే దొరుకుతాయి. టెన్షన్ మొదలయ్యేది కొన్న తర్వాతే. కొనడానికి అడ్డులేని యంత్రాన్ని వాడటానికి అడ్డెందుకు? రాష్ట్రం సరిహద్దు దాటగానే అదే యంత్రం నేరం ఎలా అవుతుంది? కేంద్ర చట్టం ఇచ్చిన హక్కును రాష్ట్రం ఎలా అడ్డుకుంటుంది? ఈ ప్రశ్నలకు జవాబు దొరకాలంటే ముందు పరికరాలు చేసే పనిని చూడాలి. చట్టం సంగతి ఆ తర్వాత.

బరువే ఆధారం

గాలించడం అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. జాగ్రత్తగా వెతకడం ఒకటి. నీటిలో ఆడిస్తూ తేలికదాన్ని, బరువుదాన్ని విడదీయడం రెండోది. బంగారు వేటలో ఈ రెండూ ఒకే పని. బంగారం నీటికంటే 19.3 రెట్లు బరువు. నది ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ 2.65 రెట్లే. మాగ్నటైట్ లాంటి నల్ల ఇసుక 5 రెట్ల పైచిలుకు ఉంటుంది. నీటిలో కుదిపితే క్వార్ట్జ్ పైకి వచ్చి కొట్టుకుపోతుంది, నల్ల ఇసుక దిగుతుంది, దానికంటే అడుగున బంగారం నిలుస్తుంది.

పళ్లెం నుంచి పెద్ద డ్రెడ్జ్ దాకా అన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి. పళ్లెంలో మనిషి చేతులే మట్టిని తెస్తాయి, చేతులే కడుగుతాయి. స్లూస్ బాక్స్ అంటే అడుగున అడ్డపట్టీలు ఉన్న పొడవాటి తొట్టి. దాన్ని ప్రవాహంలో పెడితే కడిగే పని నీరు చూసుకుంటుంది, మట్టి పోసే పని మాత్రం పారతో మనిషే చేయాలి. అడ్డపట్టీలను రిఫిల్స్ అంటారు. వాటి వెనక సుడి తిరిగే చోట బరువైన రేణువులు చిక్కుకుంటాయి. హైబ్యాంకర్ అనేది ఒడ్డున నిలబెట్టే స్లూస్. చిన్న పంపు నదిలోంచి నీరు తోడి దానికి అందిస్తుంది. నీరు లేని ఎడారి ప్రాంతాల్లో గాలి ఊదుతూ మట్టిని వేరుచేసే డ్రై వాషర్ వాడతారు.

సక్షన్ డ్రెడ్జ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. తేలే పడవలాంటి చట్రం మీద ఇంజన్, పంపు, స్లూస్ ఉంటాయి. పంపు రాళ్లను నేరుగా పీల్చదు. అది నీటిని ఒత్తిడితో ఒక సన్నని జెట్‌లోకి పంపుతుంది, ఆ వేగానికి గొట్టంలో ఒత్తిడి పడిపోయి నది అడుగున ఉన్న గులకరాళ్లు, ఇసుక, బురద అన్నీ లోపలికి లాగబడతాయి. నీటిలో మునిగి ఉన్న మనిషి గొట్టం మూతిని అటూ ఇటూ తిప్పుతుంటే చాలు. పారతో ఎత్తి పోసే శ్రమ ఉండదు. మనిషి అలసటే ఇన్నాళ్లూ నదికి కంచెలా ఉండేది. మోటారు వచ్చాక ఆ కంచె లేదు.

అందుకే నిబంధనల్లో ఎక్కువగా కనిపించే కొలత గొట్టం మూతి వ్యాసం. అంగుళం తేడా పెద్దదేమీ కాదనిపిస్తుంది, కానీ పీల్చే సామర్థ్యం మూతి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2 అంగుళాల మూతికంటే 4 అంగుళాల మూతి వైశాల్యం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. 4 నుంచి 6 అంగుళాలకు వెళితే రెండుంబావు రెట్లు. ఒకటి రెండు అంగుళాల కోసం ఏళ్ల తరబడి వాదనలు సాగడానికి కారణం ఇదే.

కదిలిన మట్టి ఏం చేస్తుంది

సాల్మన్, ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టేది నది అడుగున గులకరాళ్ల సందుల్లో. రాళ్ల మధ్య నుంచి పారే నీటిలోని ఆక్సిజనే ఆ గుడ్లకు ఊపిరి. సన్నని బురద వచ్చి సందులు పూడ్చేస్తే గుడ్లు ఉన్నచోటే చస్తాయి. గొట్టంలోకి గుడ్లే లాగబడితే నష్టం ఇంకా నేరుగా ఉంటుంది. 1981లో ప్రచురితమైన ఒక పరీక్షలో, కళ్లు ఏర్పడని దశలో ఉన్న కట్‌త్రోట్ ట్రౌట్ గుడ్లను డ్రెడ్జ్ గుండా పంపితే ఒక్కటీ బతకలేదు. పెద్ద చేపలు పక్కకు తప్పుకోగలవు. గుడ్లకు, అప్పుడే పుట్టిన పిల్లలకు ఆ అవకాశం లేదు. డ్రెడ్జింగ్‌ను అనుమతించే చోట్ల కూడా ఏడాదిలో కొన్ని నెలలకే పరిమితం చేయడం వెనక ఉన్నది ఈ గుడ్ల కాలమే.

డ్రెడ్జ్ వాడేవాళ్ల వైపు నుంచి ఒక గట్టి వాదన ఉంది. బిగుసుకుపోయిన నది అడుగును తాము గుల్లచేస్తామని, దానివల్ల చేపలకు గుడ్లు పెట్టే చోటు పెరుగుతుందని వాళ్లంటారు. చేపలు ఆ గుల్ల రాళ్ల మీద గుడ్లు పెట్టే మాట నిజమే. చిక్కు తర్వాత వస్తుంది. చినూక్ సాల్మన్ గూళ్ల మీద 1999లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, డ్రెడ్జ్ వదిలిన వదులు కుప్పల మీద పెట్టిన గూళ్లు సహజమైన అడుగులో పెట్టినవాటికంటే వరద నీటికి ఎక్కువగా కోసుకుపోయాయి. చేపకు అది మంచి చోటులా కనిపిస్తుంది, మొదటి పెద్ద ప్రవాహానికి నిలవదు.

ఇంతకంటే లోతైన చిక్కు పాదరసం. 1848లో కాలిఫోర్నియాలోని కొలోమా దగ్గర బంగారం బయటపడ్డాక మొదలైన గోల్డ్ రష్‌లో స్లూస్ తొట్లలో పాదరసం పోసేవారు. సన్నని బంగారాన్ని అది తనలో కలుపుకుని పట్టి ఉంచుతుంది. 1850ల నుంచి కొండలనే నీటి ఫిరంగులతో కరిగించే హైడ్రాలిక్ మైనింగ్ వచ్చింది. ఆ బురద దిగువన పొలాలను ముంచేస్తే, 1884లో న్యాయమూర్తి లోరెంజో సాయర్ ఇచ్చిన తీర్పుతో ఆ పద్ధతికి కళ్లెం పడింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. కాలిఫోర్నియాలో ఇసుక, గులకల నుంచి బంగారం తీసే పనుల్లోనే సుమారు 1 కోటి పౌండ్ల పాదరసం ప్రకృతిలో కలిసిందని అమెరికా భూగర్భ సర్వే అంచనా. అంటే దాదాపు 45 లక్షల కిలోలు. అందులో చాలా భాగం ఇప్పటికీ సియెరా నెవాడా నదుల అడుగున ఉంది.

ఆ పాదరసాన్ని డ్రెడ్జ్ బయటికి తీస్తుంది కదా, అది నదికి మేలే కదా అన్న ప్రశ్న సహజం. కాలిఫోర్నియా రాష్ట్ర జల మండలి ఈ ప్రశ్నను అమెరికన్ నది దక్షిణ పాయలో నేరుగా పరీక్షించి 2005లో ఫలితాలు వెల్లడించింది. మామూలు డ్రెడ్జ్ తన దారిలోకి వచ్చిన పాదరసంలో సుమారు 98 శాతం పట్టుకుంది. వినడానికి గొప్ప అంకె. మిగిలిన 2 శాతమే కథ మార్చింది. స్లూస్ దాటి బయటికి పోయిన సన్నని మట్టిలో పాదరసం, ప్రమాదకర వ్యర్థంగా వర్గీకరించే పరిమితికి పది రెట్లు మించి ఉంది. గొట్టంలో, తొట్టిలో రాళ్ల మధ్య నలిగిన పాదరసం పొడిలాంటి బిందువులుగా విడిపోతుంది. అడుగున గడ్డగా పడి ఉన్నప్పుడు దానికి కదలిక తక్కువ. పొడి అయ్యాక ప్రవాహంతో దిగువకు వెళ్లి, బురదలోని సూక్ష్మజీవుల చర్యతో మిథైల్ మెర్క్యురీగా మారి, చేపల్లోకీ వాటిని తినేవాళ్లలోకీ చేరుతుంది. పళ్లెం పట్టుకున్న మనిషికి కూడా పాదరసం తగలవచ్చు, కానీ అంత మట్టిని అంత జోరుగా కదిలించే శక్తి చేతులకు లేదు.

కేంద్ర భూముల్లో మూడు మెట్లు

అమెరికాలో ఖనిజ అన్వేషణకు మూలం 1872 నాటి సాధారణ గనుల చట్టం. కేంద్ర ప్రభుత్వ భూముల్లో ఖనిజాలు వెతకడానికి, దొరికితే క్లెయిమ్ (ఆ చోటి ఖనిజం మీద హక్కు) వేయడానికి అది దారి ఇచ్చింది. హక్కు ఉన్నంత మాత్రాన ఏ యంత్రంతోనైనా తవ్వుకోవచ్చని దాని అర్థం కాదు. భూ నిర్వహణ బ్యూరో, అంటే బీఎల్ఎం, నిబంధనలు పనిని మూడు మెట్లుగా విడదీస్తాయి.

మొదటిది సాధారణ వాడకం. భూమికి, వనరులకు నామమాత్రపు కదలిక తప్ప మరే నష్టమూ లేని పని ఇందులోకి వస్తుంది. చేతి పనిముట్లతో నమూనాలు తీయడం, పళ్లెంతో గాలించడం, మోటారు లేని స్లూస్, మెటల్ డిటెక్టర్, చేతితో గానీ బ్యాటరీతో గానీ నడిచే డ్రై వాషర్ ఈ మెట్టులోనివే. వీటికి బీఎల్ఎంకు ముందుగా చెప్పాల్సిన అవసరం లేదు. మట్టి తవ్వే భారీ యంత్రాలు, రసాయనాలు, పేలుడు పదార్థాలు వాడితే అది సాధారణ వాడకం అనిపించుకోదు. రెండో మెట్టు నోటీసు. 5 ఎకరాలు మించకుండా భూమిని కదిలించే అన్వేషణకు పని మొదలుపెట్టడానికి 15 రోజుల ముందు తెలియజేయాలి. అంతకు మించినది, లేదా అసలు గని పనే అయితే పూర్తి ప్రణాళిక సమర్పించి ఆమోదం పొందాలి.

చిన్న సక్షన్ డ్రెడ్జ్ పరిస్థితి ఇక్కడే తికమకగా ఉంటుంది. బీఎల్ఎం నిబంధనలు దాన్ని సాధారణ వాడకంలో చేర్చే అవకాశాన్ని తెరిచే ఉంచాయి. అదే నిబంధనలు రాష్ట్రాల పర్మిట్ వ్యవస్థనూ గుర్తిస్తాయి. బీఎల్ఎం కాగితం చదివి తనకు అనుమతి ఉందనుకున్న మనిషి రాష్ట్ర అధికారి చేతిలో జరిమానా తినడం ఇలాగే జరుగుతుంది. రెండు తాళాలున్న తలుపు ఇది. ఒక తాళంచెవితో తెరుచుకోదు.

ఫారెస్ట్ సర్వీస్ భూముల్లో మాటలు వేరైనా ధోరణి ఇదే. పళ్లెం, డిటెక్టర్, మోటారు లేని స్లూస్, బ్యాటరీ డ్రై వాషర్, చేతి పనిముట్లతో నమూనాలు తీయడం వంటి వాటికి ముందస్తు నోటీసు అక్కర్లేదని ఆ సంస్థ నిబంధనలు పేర్లతో సహా చెబుతాయి. భూ వనరులకు చెప్పుకోదగ్గ నష్టం కలిగే అవకాశం ఉంటే జిల్లా రేంజర్‌కు ముందుగా తెలపాలి.

బీఎల్ఎం నిబంధనల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక వాక్యం ఉంది. ఒక్కొక్కరి పని నామమాత్రమే అయినా, అందరిదీ కలిస్తే నష్టం కనిపించే చోట్లను రాష్ట్ర డైరెక్టర్ గుర్తించి, అక్కడికి వచ్చేవాళ్లు 15 రోజుల ముందే సంప్రదించాలని కోరవచ్చు. ఒకరు తవ్విన గుంట వానకు పూడుతుంది. వందమంది ఒకే వంపులో తవ్వితే ఒడ్డు జారుతుంది. పరికరం మారకుండానే నిబంధన మారడానికి కారణం ఈ లెక్కే. క్లబ్బులు గుంపుగా బయలుదేరేటప్పుడు ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

అంగుళాలు, హార్స్‌పవర్, చేపల పటాలు

రాష్ట్రాలు మోటారును మూడు రకాలుగా అదుపుచేస్తున్నాయి. పరికరం సైజుకు హద్దు పెట్టడం మొదటి రకం. ఐడహోలో చిన్న స్థాయి డ్రెడ్జ్ అంటే మూతి 5 అంగుళాల లోపు, ఇంజన్ 15 హార్స్‌పవర్ లోపు. దానికి రాష్ట్ర పర్మిట్ ఉంటుంది, దాంతోపాటు కాలుష్య విడుదలకు వేరే పర్మిట్ కావాలి. అలాస్కా తన రాష్ట్ర భూముల్లో సాధారణంగా అనుమతించే పనుల జాబితాలో 6 అంగుళాల మూతి, 18 హార్స్‌పవర్, రోజుకు 30,000 గాలన్ల నీరు అనే మూడు హద్దులు కలిపి పెట్టింది. ఈ హద్దుల్లో ఏ ఒక్కదాన్ని దాటినా ఆ వెసులుబాటు పోతుంది.

రెండో రకం పటాన్ని బట్టి నడుస్తుంది. ఒరెగాన్ 2013లో మోటారు పనులపై తాత్కాలిక నిషేధానికి చట్టం చేసింది, 2016 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. 2017లో చేసిన మరో చట్టంతో, సాల్మన్ జాతి చేపలకు కీలకమైన ఆవాసంగా గుర్తించిన ప్రవాహాల్లో మోటారుతో బంగారం తీయడం 2018 నుంచి శాశ్వతంగా ఆగింది. వాషింగ్టన్ రాష్ట్రం కూడా 2020లో చేసిన చట్టంతో సాల్మన్, స్టీల్‌హెడ్, బుల్ ట్రౌట్ కీలక ఆవాసాల్లో మోటారు పనులను నిషేధించింది. చేతి పనిముట్ల విషయంలో మాత్రం వాషింగ్టన్ పద్ధతి చాలా సులువైనది. మత్స్య, వన్యప్రాణి శాఖ ప్రచురించే ‘గోల్డ్ అండ్ ఫిష్’ అనే చిన్న పుస్తకాన్ని దగ్గర ఉంచుకుని, అందులోని నియమాలు పాటిస్తే చాలు. ఏ ప్రవాహంలో ఏ నెలల్లో పని చేయవచ్చో అందులో ఉంటుంది. నిబంధనను పాటించేవాడి చేతిలోనే పెట్టడం మంచి ఆలోచన. మిగతా రాష్ట్రాలూ నేర్చుకోదగ్గది.

మూడో రకం కాలిఫోర్నియాది. దాని కథ కొంచెం పొడవైనది.

నిర్వచనం వెంట పరుగు

క్లామత్ నది ప్రాంతపు ఆదివాసులైన కరూక్ తెగ 2005లో కోర్టుకు వెళ్లడంతో కాలిఫోర్నియా వివాదం ముదిరింది. ఆ నదిలోని కోహో సాల్మన్‌కు డ్రెడ్జింగ్ హాని చేస్తోందని, రాష్ట్రం పాత పర్యావరణ సమీక్షతోనే పర్మిట్లు ఇస్తోందని వాళ్ల అభ్యంతరం. 2009 ఆగస్టులో గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జనెగర్ సంతకంతో తాత్కాలిక నిషేధ చట్టం వెంటనే అమల్లోకి వచ్చింది. తాత్కాలికం అన్నది ఏళ్ల తరబడి సాగింది.

ఈలోగా 2012లో రాష్ట్ర శాఖ తెచ్చిన నిబంధనల్లో సక్షన్ డ్రెడ్జింగ్‌కు ఒక నిర్వచనం ఉండేది. సక్షన్ గొట్టం, మోటారు పంపు, స్లూస్ బాక్స్, ఈ మూడూ కలిసి పనిచేస్తేనే అది డ్రెడ్జింగ్. రాసేటప్పుడు ఇది స్పష్టంగానే కనిపించి ఉంటుంది. నది ఒడ్డున మాత్రం దాని అర్థం వేరైంది. కొందరు యంత్రం నుంచి స్లూస్ తీసేశారు. గొట్టం పీలుస్తుంది, మట్టి వేరే చోట పడుతుంది, దాన్ని తర్వాత విడిగా కడుగుతారు. మూడు భాగాల్లో ఒకటి లేదు కాబట్టి ఇది డ్రెడ్జింగ్ కాదన్నది వాళ్ల వాదన. నది అడుగుకు మాత్రం ఏ తేడా లేదు. 2013లో రాష్ట్రం అత్యవసర నిబంధనతో ఆ మూడు భాగాల షరతును తీసేయాల్సి వచ్చింది.

2015లో చేసి, 2016 ఆరంభం నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం ఈ పరుగుకు ముగింపు పలకాలని చూసింది. భాగాల పేర్లు లెక్కపెట్టడం మానేసి, నది లేదా సరస్సు అడుగు, ఒడ్డు, గర్భంలోంచి ఖనిజాల కోసం పదార్థాన్ని తీయడానికి గానీ శుద్ధి చేయడానికి గానీ సాయపడే ఏ యాంత్రిక, మోటారు వ్యవస్థ అయినా సక్షన్ పరికరమే అంది. ఒడ్డున పెట్టిన హైబ్యాంకర్ కూడా ఈ విశాలమైన మాటల్లోకి వచ్చేస్తుంది. అదే చట్టం పళ్లెంతో గాలించడం సహా మోటారు లేని సరదా పనులకు ఇది వర్తించదని విడిగా రాసింది. చేపల పర్మిట్‌తో పాటు నీటి నాణ్యతకు సంబంధించిన అనుమతులు కూడా చేతిలో ఉంటేనే మోటారు పరికరానికి దారి.

ఈ క్రమం గమనించదగ్గది. పరికరం ఆకారాన్ని బట్టి నిషేధిస్తే, తయారీదారు ఆకారం మారుస్తాడు. పరికరం చేసే పనిని బట్టి నిర్వచిస్తే తప్పించుకోవడం కష్టం, కానీ నష్టం లేని చిన్న పంపు కూడా అదే వలలో పడుతుంది. కాలిఫోర్నియా రెండో దారి ఎంచుకుంది. చిన్న హైబ్యాంకర్‌తో ఒడ్డుకు దూరంగా, నీరు తిరిగి నదిలో కలవకుండా పనిచేసేవాళ్లకు ఇందులో అన్యాయం కనిపించడంలో అర్థం ఉంది. వాళ్ల నొప్పిని అత్యాశగా కొట్టిపారేయడం సరికాదు.

‘అదే నది మట్టి అదే నదిలో వేశాం’

కోర్టుల్లో రెండు ప్రశ్నలు పదే పదే వచ్చాయి. మొదటిది హక్కు గురించి. 1872 చట్టం గని పనికి అనుమతి ఇచ్చినప్పుడు రాష్ట్రం ఎలా ఆపుతుంది? కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2016లో జవాబిచ్చింది. కేంద్ర చట్టం క్లెయిమ్‌దారు భూ హక్కును కాపాడుతుంది తప్ప, రాష్ట్ర నియంత్రణ లేకుండా తవ్వుకునే హామీ ఇవ్వదని తేల్చింది. ఒరెగాన్ చట్టాన్ని సవాలు చేసిన కేసులో 2018లో పశ్చిమ రాష్ట్రాల కేసులు వినే కేంద్ర న్యాయస్థానమైన తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కూడా రాష్ట్రం వైపే నిలిచింది. అంతకుముందు 2012లో అదే కోర్టు కరూక్ తెగ కేసులో మరో సంగతి చెప్పింది. డ్రెడ్జింగ్ నోటీసుకు ఫారెస్ట్ సర్వీస్ సరే అనడం కూడా ప్రభుత్వ చర్యే కాబట్టి, ముప్పులో ఉన్న జీవుల చట్టం ప్రకారం ముందు నిపుణ సంస్థలను సంప్రదించాల్సిందేనంది.

రెండో ప్రశ్న ఆసక్తికరమైనది. స్వచ్ఛ జల చట్టం ప్రకారం నీటిలో కాలుష్య పదార్థాన్ని ‘చేర్చితే’ పర్మిట్ కావాలి. డ్రెడ్జ్ బయటి నుంచి ఏమీ తేదు. నది అడుగున ఉన్నదాన్ని తీసి, బంగారం ఏరుకుని, మిగతాది అక్కడే వదులుతుంది. ఏమీ చేర్చనప్పుడు పర్మిట్ ఎందుకు? మాటకు మాటగా చూస్తే ఈ వాదన బలమైనదే. అడుగున కదలకుండా ఉన్న బురద, నీటిలో మేఘంలా తేలే బురద ఒకటేనా అన్నది దీనికి ఎదురు ప్రశ్న. 2019లో ఒరెగాన్ సుప్రీంకోర్టు పర్యావరణ శాఖ అభిప్రాయాన్ని సమర్థించింది. అడుగు నుంచి తీసి, శుద్ధి చేసి, తేలే స్థితిలో నీటిలోకి వదిలిన పదార్థం కాలుష్యాన్ని చేర్చినట్టేనన్న వ్యాఖ్యానం నిలిచింది. పైన చెప్పిన పాదరసం పరీక్షను గుర్తుచేసుకుంటే ఈ తీర్పు వెనకున్న విజ్ఞానం తేలిగ్గా అర్థమవుతుంది. పదార్థం పాతదే, దాని స్థితి కొత్తది. హాని చేసేది ఆ కొత్త స్థితే.

పార్కులు, డిటెక్టర్లు, ఇరవై అడుగుల బురద

మోటారు లేకపోతే అన్నిచోట్లా స్వేచ్ఛే అనుకుంటే పొరపాటు. కాలిఫోర్నియా రాష్ట్ర పార్కుల్లో బంగారం గాలించే అనుమతి ఉన్న చోట్ల కూడా పళ్లెం తప్ప వేరే పనిముట్టు వాడకూడదు. పార కూడా కుదరదు. అక్కడ పళ్లెం పని వల్ల లేచిన బురద 20 అడుగుల అవతల కూడా కనిపిస్తే అది అతిగా కదిలించినట్టే లెక్క. పరికరం పేరు జోలికి పోకుండా నీటిలో కంటికి కనిపించే ఫలితాన్ని కొలిచే ఈ నియమం చాలా న్యాయమైనది. టేపు, కళ్లు ఉంటే చాలు, పాటించేవాడికీ తనిఖీ చేసేవాడికీ ఒకే కొలత.

జాతీయ పార్కుల్లో ఖనిజాలు తీయడం మామూలుగా నిషిద్ధం. కాలిఫోర్నియాలోని విస్కీటౌన్ జాతీయ వినోద ప్రాంతం లాంటి కొన్ని చోట్ల పర్మిట్ తీసుకుని పళ్లెంతో గాలించే వెసులుబాటు ఉంది. మెటల్ డిటెక్టర్ విషయంలో నిబంధన ఇంకా కఠినం. జాతీయ పార్కు వ్యవస్థలో దాన్ని వాడకపోయినా, చేతిలో పట్టుకుని తిరిగినా తప్పే. అది మట్టిని కదిలించదు కదా అనిపించవచ్చు. ఇక్కడ కాపాడుతున్నది నదిని కాదు, చరిత్రను. 1979 నాటి పురావస్తు వనరుల రక్షణ చట్టం కేంద్ర భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా తీయడాన్ని నేరం చేసింది. బంగారం కోసం మోగిన డిటెక్టర్ పాత గని శిబిరపు బొత్తాన్ని కూడా చూపిస్తుంది.

స్థలం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పరికరం నిబంధనలకు సరిపోయినా, ఆ చోటు వేరొకరి క్లెయిమ్ అయితే అక్కడి ఖనిజం వాళ్లది. ఎవరి అనుమతీ లేకుండా అక్కడ పళ్లెం ముంచినా దొంగతనం కింద పోతుంది. క్లెయిమ్ రికార్డులు బీఎల్ఎం దగ్గర, కౌంటీ కార్యాలయంలో చూసుకోవచ్చు.

వేరే దేశాల దారి

ఆస్ట్రేలియాలోని విక్టోరియాది మరో చరిత్ర. 1850లలో అక్కడి ప్రభుత్వం బంగారం తవ్వేవాళ్ల నుంచి, దొరికినా దొరకకపోయినా లైసెన్సు రుసుము గట్టిగా వసూలు చేసేది. ఆ కోపం 1854 డిసెంబరు 3న బల్లారాట్‌లో యురేకా స్టాకేడ్ ఘర్షణగా పేలింది. మరుసటి ఏడాది, ఏడాదికి ఒక పౌండు కడితే చాలనే ‘మైనర్స్ రైట్’ వచ్చింది. ఆ పేరుతోనే నేటికీ అనుమతి పత్రం ఇస్తున్నారు, పదేళ్లు చెల్లుతుంది. దాంతో వాడగలిగేవి యంత్రం లేని చేతి పనిముట్లు, మెటల్ డిటెక్టర్. తవ్విన గుంటను పూడ్చి వెళ్లాలి. మనిషికి హక్కు ఉదారంగా ఇచ్చి, పరికరాన్ని బిగించడం వాళ్ల పద్ధతి.

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో ప్రజల కోసం కొన్ని చోట్లను విడిగా కేటాయించింది. ఆ హద్దుల్లో ఎవరైనా, ఏ పర్మిట్ లేకుండా, మోటారు లేని చేతి పరికరాలతో వెతుక్కోవచ్చు. హద్దు దాటినా, మోటారు పెట్టినా ఖనిజ పర్మిట్ దారిలోకి వెళ్లాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సరదా గాలింపు కోసం కేటాయించిన చోట్లలో ఇంకో మెట్టు దిగి, స్లూస్ బాక్స్‌ను కూడా వద్దంది.

ఫిన్లాండ్ ఉదాహరణ గడువు విలువ చూపిస్తుంది. లాప్లాండ్‌లోని లెమ్మెన్‌యోకిలో 1945లో బంగారం బయటపడింది, 1956లో అది జాతీయ పార్కు అయింది. పార్కు లోపల యంత్రాలతో తవ్వడం దశాబ్దాలు సాగింది. 2011 గనుల చట్టం దాన్ని ఆపాలని నిర్ణయించి, 2020 జూన్ చివరి దాకా సమయం ఇచ్చింది. చేతి పని మాత్రం కొనసాగుతోంది. రాత్రికి రాత్రి నిషేధం పెట్టిన కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి కోర్టు కేసులు నడిచాయి. తొమ్మిదేళ్ల గడువులో పెట్టుబడి పెట్టినవాళ్లు సర్దుకునే వీలుంటుంది. రెండు చోట్ల పరిస్థితులు వేరు కాబట్టి గీతలు గీసి పోల్చలేం, కానీ నిబంధన ఎలా వచ్చింది అన్నది కూడా దాన్ని ఎంతమంది మనస్ఫూర్తిగా పాటిస్తారన్నదాన్ని ప్రభావితం చేస్తుంది.

బ్యాటరీ ప్రశ్న

ఇప్పటి నిబంధనలు చాలావరకు పెట్రోలు ఇంజన్‌ను మనసులో పెట్టుకుని రాసినవి. శబ్దం, పొగ, ఇంధనం ఒలికిపోవడం, విపరీతమైన శక్తి అన్నీ ఒకే యంత్రంలో కలిసి ఉండేవి కాబట్టి ‘మోటారు’ అన్న ఒక్క మాట సరిపోయింది. ఇప్పుడు వీపుకు తగిలించుకునే బ్యాటరీతో, చిన్న పంపుతో, ఒకే బకెట్ నీటిని తిప్పి తిప్పి వాడే స్లూస్‌లు వచ్చాయి. నదిలోంచి నీరు తోడవు, నదిలోకి బురద వదలవు. చాలా రాష్ట్రాల మాటల ప్రకారం ఇదీ మోటారే. ఎదురుగా, చేతితో లాగి పీల్చే గొట్టపు పంపు ఉంది. దానికి మోటారు లేదు, కానీ రాతి పగుళ్లలో దాగిన గుడ్లను, సన్నని బురదను అది కూడా లాగగలదు. మోటారు గీత ఈ రెండింటినీ తప్పు వైపుల్లో నిలబెడుతుంది.

బీఎల్ఎం, ఫారెస్ట్ సర్వీస్ నిబంధనలు బ్యాటరీ డ్రై వాషర్‌ను ఇంజన్‌తో కలపకుండా విడిగా చూడటం ఒక చిన్న ఆధారం. నీటిలో పనిచేసే బ్యాటరీ పరికరాలకు అలాంటి స్పష్టత చాలాచోట్ల లేదు. స్పష్టత వచ్చేదాకా, కొనే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడమే మార్గం. ఆ భూమిని ఏ సంస్థ చూస్తోంది? ఆ ప్రవాహం చేపల పటంలో ఉందా, ఉంటే ఏ నెలల్లో పని చేయవచ్చు? ఆ రాష్ట్ర చట్టంలో మోటారు అన్న మాటకు నిర్వచనం ఏమిటి? చివరి ప్రశ్నకు ఫోన్‌లో ఒకరు ఒకటి, కౌంటర్ దగ్గర ఇంకొకరు ఇంకొకటి చెబితే, చట్టం మాటలనే అడిగి కాగితం మీద తీసుకోవాలి. నది దగ్గర తనిఖీకి వచ్చే అధికారి చూసేది ఆ కాగితాన్నే.